జర్మన్ ఉద్యోగ ఒప్పందం, ఇంగ్లీషు పాఠకుడు

జర్మన్ ఉద్యోగ ఒప్పందంలో క్యుండిగుంగ్ అనే మాట కనబడగానే కొత్త అనువాదకుడి చెయ్యి టెర్మినేషన్ అని కొట్టేస్తుంది. చాలాచోట్ల అది సరిపోతుంది కూడా. కానీ జర్మన్‌లో ఉద్యోగి తనంతట తాను మానేసినా క్యుండిగుంగే, యజమాని తీసేసినా క్యుండిగుంగే. మనకు రాజీనామా వేరు, తొలగింపు వేరు. ఇంగ్లీషులోనూ రిజిగ్నేషన్ వేరు, డిస్మిసల్ వేరు. జర్మన్ వాక్యంలో ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నది ఒక చిన్న విభక్తి ముక్కలో తేలుతుంది. కొన్నిసార్లు అసలు తేలదు, ఇద్దరికీ వర్తిస్తుందని మనమే గ్రహించాలి. అలాంటిచోట డిస్మిసల్ అని రాశారంటే ఆ ఉద్యోగి తనకు మానేసే హక్కే లేదనుకుంటాడు. టెర్మినేషన్ అని రాసి వదిలేసినా పూర్తిగా బయటపడరు. మన ఆఫీసుల్లో "టెర్మినేట్ చేశారు" అంటే తప్పు చేసి పోగొట్టుకున్నాడనే కదా అర్థం! "ఇరుపక్షాల్లో ఎవరైనా నోటీసు ఇచ్చి ముగించవచ్చు" అని విడమరిచి రాస్తే నాలుగు మాటలు ఎక్కువవుతాయి, తగాదా ఒకటి తగ్గుతుంది.

ఇఫ్లూలోనో గోథె జెంట్రుమ్‌లోనో జర్మన్ నేర్చుకుని, బి2, సి1 దాటి, అనువాదాన్ని బతుకుతెరువు చేసుకోవాలనుకునేవారి చేతికి త్వరగా వచ్చే పనుల్లో ఉద్యోగ ఒప్పందం ఒకటి. మ్యూనిక్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో ఉద్యోగం దొరికిన తెలుగు ఇంజనీరు సంతకం పెట్టేముందు అందులో ఏముందో తెలుసుకోవాలనుకుంటాడు. హైదరాబాద్‌లో శాఖ ఉన్న జర్మన్ కంపెనీకి అక్కడి ఒప్పందాల ఇంగ్లీషు ప్రతులు ఫైల్లో కావాలి. కాగితం చూస్తే పది పేజీలు మించదు. వాక్యాలు కవిత్వంలా మెలికలు తిరగవు. అందుకే ఒక్క సాయంత్రంలో అయిపోతుందని ఒప్పుకుంటారు. నా మాట విని రెండు రోజులు అడగండి.

ఎందుకంటే ఒప్పందంలోని ప్రతి క్లాజూ ఏదో ఒక రోజున ఎవరో ఒకరికి డబ్బో గడువో ఉద్యోగమో ఇస్తుంది, లేదా పోగొడుతుంది. ఆ రోజు ఏమిటో, పోయేది ఎవరిదో మీకు తెలియకుండా ఆ క్లాజును అనువదించలేరు. కాబట్టి మొదటిసారి చదివేటప్పుడు నిఘంటువు తెరవకండి. పెన్సిలు తీసుకుని మార్జిన్‌లో మూడు విషయాలే రాసుకోండి: ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా, చెయ్యకపోతే ఏమవుతుంది. జవాబు రాయలేకపోయిన క్లాజు మీకింకా అర్థం కాలేదన్నమాట. ఇంగ్లీషు సంగతి ఆ తర్వాత.

ఎవరి ఇంగ్లీషు?

పని ఒప్పుకునేముందు ఒక ప్రశ్న అడగాలి. దీన్ని చదివేది ఎవరు? లండన్ వకీలా, అమెరికాలోని మాతృసంస్థా, హైదరాబాద్ హెచ్ఆర్ మేనేజరా? ఇంగ్లీషు ఒకటే అయినా ఈ ముగ్గురి ఉద్యోగ చట్టాలు మూడు.

జర్మన్‌లో బెట్రీబ్స్‌బెడింగ్‌టె క్యుండిగుంగ్ అంటే కంపెనీ అవసరాల కారణంగా తీసేయడం. విభాగం మూతపడటం, పని తగ్గిపోవడం లాంటివన్నమాట. బ్రిటన్‌లో దీనికి దగ్గరగా ఉండేది రిడండెన్సీ. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టేయడం పక్కింటి తాళంచెవి తెచ్చి మన తలుపుకు పెట్టడం లాంటిది. చెవి దూరుతుంది, తిరగదు. బ్రిటన్‌లో రిడండెన్సీ అనగానే రెండేళ్ల సర్వీసున్న ఉద్యోగికి చట్టం ఇచ్చే పరిహారం గుర్తొస్తుంది. జర్మనీలో తీసేసిన ప్రతివాడికీ పరిహారం ఇవ్వాలన్న సాధారణ హక్కు లేదు. ఎక్కువగా కోర్టులో రాజీ బేరంలోనో, మరేదో ఒప్పందంలోనో అది వస్తుంది. అమెరికన్ పాఠకుడిది ఇంకో దారి. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ యజమాని ఏ కారణం చెప్పకుండానే తీసేయవచ్చు కాబట్టి, కారణం చూపాలన్న జర్మన్ నిబంధన అతనికి ఏదో అదనపు మర్యాదలా కనబడుతుంది. అందుకే "నిర్వహణ కారణాల వల్ల ముగింపు" అనే అర్థం వచ్చే సాదా ఇంగ్లీషు మేలు. అది ఏ దేశపు చట్టానికీ చెందదు, కాబట్టి ఎవరినీ తప్పుదారి పట్టించదు.

మన ఆఫీసు ఇంగ్లీషు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మనకు కనబడదు. ప్రోబెట్సైట్ అన్నచోట ప్రొబేషన్ అని రాయగానే హైదరాబాద్ పాఠకుడు కన్ఫర్మేషన్ లెటర్ ఎప్పుడిస్తారని అడుగుతాడు. జర్మనీలో అలాంటి ఉత్తరం లేదు, ఆ గడువు దానంతటదే ముగుస్తుంది. ఏడాది బ్రుట్టో జీతాన్ని సీటీసీ అని రాస్తే ఇంకా పెద్ద పొరపాటు. మన సీటీసీలో యజమాని కట్టే పీఎఫ్ వాటా లాంటివి కూడా కలిపి చూపిస్తారు. జర్మన్ బ్రుట్టోలో యజమాని కట్టే సామాజిక బీమా వాటా ఉండదు, అది దానిమీద అదనంగా కట్టాలి. ఉద్యోగి వాటా, పన్ను మాత్రం ఆ బ్రుట్టోలోంచే పోతాయి. నోటీసు కాలానికి బదులు జీతం కట్టేసి వెళ్లిపోయే బైఔట్ అక్కడ ఉద్యోగికి హక్కుగా లేదు. రిలీవింగ్ లెటర్ కూడా లేదు. దాని బదులు ఆర్‌బైట్స్‌త్సోయ్‌గ్నిస్ అనే పనితీరు పత్రం ఇస్తారు, దాని సంగతి మళ్లీ చెబుతాను.

గడువుల లెక్క

క్యుండిగుంగ్స్‌ఫ్రిస్ట్ అంటే నోటీస్ పీరియడ్. ఇంతవరకు పేచీ లేదు. పేచీ దాని పక్కనే ఉండే "త్సుమ్" అన్న రెండక్షరాల దగ్గర మొదలవుతుంది. మూడు నెలల గడువుతో త్రైమాసికం చివరికి ముగించవచ్చు అని రాసి ఉంటుంది. మనవాళ్లు మూడు నెలలు అన్నదాన్ని మాత్రం పట్టుకుంటారు. కానీ ఒప్పందం ముగిసే రోజులు ఏడాదికి నాలుగే: మార్చి 31, జూన్ 30, సెప్టెంబర్ 30, డిసెంబర్ 31. డిసెంబర్ 31న యజమాని చేతికి ఉత్తరం అందితే మార్చి 31కి బయటపడతారు. జనవరి 5న అందితే మూడు నెలలు ఏప్రిల్ 5 దాకా వెళ్తాయి కాబట్టి జూన్ 30 వరకు ఆగాల్సిందే. అయిదు రోజుల ఆలస్యానికి మూడు నెలలు. ఈ లోపల ఇంకో కంపెనీలో మే 1న చేరతానని మాట ఇచ్చినవాడి పరిస్థితి ఊహించుకోండి. ఇంగ్లీషు వాక్యంలో "త్రైమాసికం చివరికి అమల్లోకి వచ్చేలా" అన్న ముక్క లేకపోతే ఈ లెక్కంతా గల్లంతే. ఇంకో మాట: లెక్క మొదలయ్యేది ఉత్తరం రాసిన రోజునుంచి కాదు, అవతలివారికి అందిన రోజునుంచి. తేదీ వేసి పోస్టులో పడేస్తే సరిపోదు.

ఒప్పందంలో గడువు రాయకుండా చట్టప్రకారం అని వదిలేస్తే జర్మన్ సివిల్ కోడ్, అంటే 1900 నుంచి అమల్లో ఉన్న బీజీబీ, 622వ సెక్షన్ చూడాలి. మామూలు గడువు నాలుగు వారాలు, నెలలో 15వ తేదీకో నెలాఖరుకో. నాలుగు వారాలంటే 28 రోజులు. దాన్ని ఒక నెల అని సర్దేసే అనువాదకులున్నారు, అలా సర్దకండి. సర్వీసు పెరిగేకొద్దీ యజమాని ఇవ్వాల్సిన గడువు పెరుగుతుంది. రెండేళ్లకు ఒక నెల, అయిదేళ్లకు రెండు, ఎనిమిదేళ్లకు మూడు, అలా పోయి 20 ఏళ్లకు ఏడు నెలలు, ప్రతిదీ నెలాఖరుకే. చట్టంలో ఈ పెంపు యజమానికి మాత్రమే. అయితే చాలా ఒప్పందాల్లో "ఈ పెంపు ఉద్యోగికి కూడా వర్తిస్తుంది" అని ఒక వాక్యం తగిలిస్తారు. పేరా చివర అలసిపోయిన కళ్లు దాటేసే వాక్యం అదే.

ప్రోబెట్సైట్ గరిష్ఠంగా ఆరు నెలలు పెట్టుకోవచ్చు. ఆ కాలంలో రెండు వారాల నోటీసు చాలు, ఏ తేదీకైనా. దీన్ని ఇంకో ఆరు నెలలతో కలిపేయడం మామూలు తప్పు. ఉద్యోగిని అన్యాయంగా తీసేయకుండా కాపాడే 1951 నాటి చట్టం ఒకటుంది, క్యుండిగుంగ్స్‌షుట్స్‌గెజెట్స్. అది వర్తించాలంటే ఉద్యోగి ఆరు నెలలు పనిచేసి ఉండాలి. ఆ నిరీక్షణకాలం పేరు వార్టెట్సైట్. ఆ పనిచోట సాధారణంగా పదిమందికి మించి ఉద్యోగులు ఉండాలి. ఒప్పందంలో ప్రోబెట్సైట్ మూడు నెలలే అని రాసుకున్నా ఈ రక్షణ మూడు నెలలకే మొదలవదు. ప్రోబెట్సైట్ తర్వాత మారేది నోటీసు గడువు. వార్టెట్సైట్ తర్వాత మారేది కారణం చూపాల్సిన బాధ్యత. రెండింటికీ ప్రొబేషన్ అనే ఒకే మాట వాడితే చదివేవాడికి ఈ తేడా ఎప్పటికీ కనబడదు.

సెలవుల క్లాజు అందరూ మొదట తిప్పి చూసేది. 1963 నాటి సెలవుల చట్టం ఏడాదికి కనీసం 24 వెర్క్‌టాగె ఇస్తుంది. దాన్ని 24 వర్కింగ్ డేస్ అని రాశారనుకోండి. వారానికి అయిదు రోజులు పనిచేసే మన ఇంజనీరు దాదాపు అయిదు వారాలు వచ్చాయని సంక్రాంతికి, వేసవికి కలిపి టిక్కెట్లు చూసుకుంటాడు. కానీ ఆ చట్టంలో వెర్క్‌టాగె అంటే ఆదివారాలు, పండుగ సెలవులు తప్ప మిగతా అన్ని రోజులూ. శనివారం కూడా అందులో ఉంది. 24ను ఆరుతో భాగించాలి. వచ్చేది నాలుగు వారాలు, అయిదు రోజుల వారానికి 20 రోజులు. నిజంగా పనిచేసే రోజులకు జర్మన్‌లో ఆర్‌బైట్స్‌టాగె అనే వేరే మాట ఉంది. ఒప్పందంలో ఏది ఉందో చూసి, వెర్క్‌టాగె అయితే "సోమవారం నుంచి శనివారం వరకు లెక్కించి" అని ఇంగ్లీషులో చేర్చండి.

ఇదే క్లాజులో మూడు పదాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. సెలవులో ఉన్నా ఆగకుండా వచ్చే జీతం ఊర్లౌబ్స్‌ఎంట్‌గెల్ట్, ఇది చట్టం ఇచ్చింది. సెలవు ఖర్చులకని కంపెనీ ఇష్టపడి ఇచ్చే అదనపు సొమ్ము ఊర్లౌబ్స్‌గెల్ట్. ఉద్యోగం వదిలేటప్పుడు వాడుకోకుండా మిగిలిన సెలవులకు ఇచ్చే డబ్బు ఊర్లౌబ్స్‌ఆబ్‌గెల్టుంగ్. మూడింటికీ హాలిడే పే అని పెట్టిన అనువాదాలు తిరుగుతున్నాయి. రెండోదానికి బోనస్ అన్న మాట, మూడోదానికి మన ఎన్‌క్యాష్‌మెంట్‌లాంటి మాట రావాలి.

జబ్బు చేసినప్పటి సంగతి కూడా ఇక్కడే. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటాక జబ్బుపడితే ఆరు వారాల వరకు యజమాని పూర్తి జీతం ఇవ్వాలని చట్టం. ఇది మన సిక్ లీవుల్లా ఏడాదికి ఇన్నని ఖాతాలో వేసి తీసుకునేది కాదు. సిక్ లీవ్ అని రాస్తే బ్యాలెన్స్ ఎంత అని అడుగుతారు. "అనారోగ్య సమయంలో జీతం కొనసాగింపు" అన్నట్టే రాయాలి.

కాగితం, సిరా, సంతకం

ష్రిఫ్ట్‌లిష్ అంటే రాతపూర్వకంగా. ఇన్ రైటింగ్ అని రాస్తాం, మన పాఠకుడు ఈమెయిల్ అని చదువుకుంటాడు. ఇక్కడ జరిగే నష్టానికి హద్దు లేదు. 2000 మే 1 నుంచి జర్మనీలో ఉద్యోగ ఒప్పందాన్ని ముగించే నోటీసు కాగితం మీద, సొంత చేతి సంతకంతో ఉండాలి. బీజీబీ 623వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపాన్ని సూటిగా కాదంది. ఈమెయిల్, వాట్సాప్, సంతకం చేసి స్కాన్ తీసిన పీడీఎఫ్, ఏవీ చెల్లవు. ఇరుపక్షాలూ ఒప్పుకుని విడిపోయే ఔఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్‌కీ ఇదే నియమం. కాలపరిమితి ఉద్యోగానికి మరో చిక్కు ఉంది. ఆ పరిమితి చట్టం కోరే రాతరూపంలో, సంతకంతో లేకపోతే పరిమితి చెల్లదు, ఉద్యోగం శాశ్వతమైపోతుంది. యజమాని నిర్లక్ష్యం ఉద్యోగికి వరం. అనువాదకుడు ఆ వాక్యంలో రైటింగ్ అని తేల్చేస్తే ఆ వరం ఉన్న సంగతి కూడా తెలియదు.

ష్రిఫ్ట్‌లిష్‌కు తమ్ముడు టెక్స్ట్‌ఫోర్మ్. పంపింది ఎవరో తెలుస్తూ, చదవడానికి వీలుగా, దాచుకోగలిగేలా ఉంటే చాలు. ఈమెయిల్ ఇందులోకి వస్తుంది. 2025 జనవరి 1 నుంచి ఉద్యోగపు ముఖ్య షరతులను తెలియజేసే పత్రాన్ని కూడా కొన్ని నిబంధనలకు లోబడి ఈ రూపంలో ఇవ్వవచ్చు. కాబట్టి ఒకే ఒప్పందంలో రెండు రూపాలూ కనబడతాయి. మొదటిచోట "చేతి సంతకంతో రాతపూర్వకంగా", రెండోచోట "ఈమెయిల్ వంటి పాఠ రూపంలో" అని తేడా చూపించి, ఆ తేడాను చివరిదాకా నిలబెట్టండి. ఇలా రాస్తే ఇంగ్లీషు కాస్త మొరటుగా ఉంటుందని ఒక ఎడిటర్ అంటాడు. అననివ్వండి.

చిన్న మాటలు

పెద్ద సమాసాలను చూసి భయపడి నిఘంటువు తీస్తాం కాబట్టి వాటి దగ్గర తప్పులు తక్కువ. తెలిసిన మాటలే ముంచుతాయి. జోల్ అన్నది చూడటానికి ఇంగ్లీషు షల్‌కు దగ్గరి చుట్టంలా ఉంటుంది. ఇంగ్లీషు ఒప్పందంలో షల్ అంటే చేసి తీరాలి. జర్మన్ చట్టభాషలో జోల్ అంటే మామూలుగా అలా చెయ్యాలి, తగిన కారణముంటే మినహాయింపు ఉండవచ్చు. జోల్ దగ్గర షల్ పెడితే ఒక సలహాను శాసనం చేసేస్తారు. జర్మన్‌లో చేసి తీరాలన్న అర్థం ఎక్కువగా "హాట్ త్సు", "ఇస్ట్ త్సు" అన్న నిర్మాణాల్లో దాక్కుని ఉంటుంది. షల్ అక్కడ పెట్టాలి.

గ్రుండ్‌జెట్స్‌లిష్ అన్నదాన్ని ఫండమెంటల్లీ అని రాస్తారు. జర్మన్ వకీలు ఆ మాట వాడితే "సాధారణంగా ఇంతే, మినహాయింపులు వెనక వస్తున్నాయి" అని ముందే చెబుతున్నట్టు. ఉన్‌ఫెర్ట్‌స్యూగ్లిష్ అంటే వెంటనే అని కాదు, తన తప్పువల్ల ఆలస్యం చేయకుండా అని బీజీబీ 121వ సెక్షన్ చెబుతుంది. జబ్బుపడి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నవాడు ఇమ్మీడియెట్లీ కబురు చెయ్యలేదని తప్పు పట్టొచ్చు, ఉన్‌ఫెర్ట్‌స్యూగ్లిష్ చెయ్యలేదని పట్టలేం. వితౌట్ అన్‌డ్యూ డిలే అన్నది దానికి స్థిరపడిన ఇంగ్లీషు. బిల్లిగ్ అంటే బజారులో చవక, చట్టంలో న్యాయసమ్మతం. యజమాని తన ఆదేశాధికారాన్ని బిల్లిగెస్ ఎర్మెస్సెన్‌తో వాడాలంటే ఇరుపక్షాల మంచిచెడ్డలు తూచి వాడాలని. ప్రొవిజియోన్ అంటే ప్రొవిజన్ కాదు, అమ్మకాల మీద కమీషన్. ఎవెంటుఎల్ అంటే ఈవెంచువల్లీ కాదు, ఒకవేళ. ఇవి చదివి నవ్వుకోవడం తేలికే. రాత్రి పదకొండుకు తొమ్మిదో పేజీలో ఉన్నప్పుడు గుర్తుండాలి.

అంకెల విషయం కూడా చిన్నదే. 4.250,00 యూరోలంటే నాలుగువేల రెండువందల యాభై. చుక్క, కామా తారుమారు చేయకుండా ఇంగ్లీషులోకి దించితే నాలుగుంపావు అవుతుంది. పారాగ్రాఫ్ గుర్తును ఇంగ్లీషులో పేరాగ్రాఫ్ అనకండి, అది సెక్షన్. ఆబ్‌జాట్స్ అంటే సబ్‌సెక్షన్. జాట్స్ అంటే అందులో ఎన్నో వాక్యమో. జర్మన్లు చట్టాన్ని వాక్యసంఖ్యతో సహా ఉదహరిస్తారు. అందుకే మూలంలో మూడు వాక్యాలున్న క్లాజును మీరు రెండు వాక్యాలుగా కలపకూడదు.

జోడు దొరకని చోట

ఫెర్ట్రాగ్స్‌ష్ట్రాఫె అంటే ఒప్పందం మీరినందుకు కట్టాల్సిన జరిమానా. దీనికి లిక్విడేటెడ్ డ్యామేజెస్ అని రాయాలని చాలామంది వాదిస్తారు, ఇంగ్లీషు ఒప్పందాల్లో అదే మర్యాదగా వినిపిస్తుంది కనుక. నేను ఒప్పుకోను. ముందే అంచనా కట్టిన నష్టపరిహారానికి జర్మన్‌లో వేరే మాట ఉంది. ఫెర్ట్రాగ్స్‌ష్ట్రాఫెకు నష్టం జరిగిందని నిరూపించాల్సిన పని లేదు, అది భయపెట్టడానికే ఉంది, బీజీబీ దాన్ని బాహాటంగా అనుమతిస్తుంది. ఇంగ్లీషు న్యాయ సంప్రదాయానికి శిక్షగా పెట్టే సొమ్ము నచ్చదు. మన 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కూడా రాసుకున్న మొత్తాన్ని గరిష్ఠ పరిమితిగా చూసి, అంతకు మించకుండా సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది. కాబట్టి కాంట్రాక్చువల్ పెనాల్టీ అని నేరుగా రాయండి. చదివిన భారతీయ వకీలు కనుబొమ్మలు ఎగరేస్తే మంచిదే, ఆయన జర్మన్ చట్టం చూస్తాడు. మెత్తని మాట రాస్తే చూడడు.

ఔస్‌ష్లుస్‌ఫ్రిస్ట్ మరొకటి. జీతం బకాయి వంటి హక్కును ఇన్ని నెలల్లోగా అడగకపోతే ఆ హక్కే పోతుందని చెప్పే గడువు. దాన్ని లిమిటేషన్ పీరియడ్ అంటే ఫెర్‌యేరుంగ్‌తో కలిసిపోతుంది. ఫెర్‌యేరుంగ్ మామూలుగా మూడేళ్లు. అది దాటినా హక్కు చావదు, అవతలివాడు గడువు దాటిందని చెప్పి చెల్లింపు నిరాకరించగలడంతే. ఔస్‌ష్లుస్‌ఫ్రిస్ట్ ఒప్పందంలో మూడు నెలలు ఉండటం మామూలు, దాటితే అడగడానికి ఏమీ మిగలదు. ఇక్కడ ఫర్‌ఫీచర్ అన్న అర్థం ఇంగ్లీషులో కనబడి తీరాలి.

ఫ్రైష్టెల్లుంగ్ అంటే పనిలోంచి తాత్కాలికంగా విడుదల. నోటీసు కాలంలో జీతం ఇస్తూ ఇంట్లో కూర్చోబెట్టడమైతే బ్రిటిష్ పాఠకుడికి గార్డెన్ లీవ్ అంటే తెలుస్తుంది. తెలుగు పాఠకుడికి తోటపని గుర్తొస్తుంది. పైగా ఫ్రైష్టెల్లుంగ్ వేరే సందర్భాల్లోనూ వస్తుంది, జీతం లేకుండా కూడా ఉంటుంది. జీతం ఉందా లేదా, యజమాని వెనక్కి పిలవవచ్చా లేదా అన్న రెండు సంగతులు మూలంలో ఎలా ఉంటే అలా వాక్యంలో పెట్టండి.

ఉద్యోగం వదిలాక పోటీ కంపెనీలో చేరకూడదన్న క్లాజుకు మాట సులువే, నాన్ కంపీట్. దాని వెనక ఉన్నదే మనవాళ్లకు కొత్త. జర్మనీలో అది రెండేళ్లకు మించకూడదు. ఆ కాలమంతా పాత యజమాని చివరి ఒప్పంద ఆదాయంలో కనీసం సగం కారెన్స్‌ఎంట్‌షేడిగుంగ్‌గా చెల్లించాలి. పరిహారం మాటే లేని నిషేధం చెల్లదు. ఈ పరిహారాన్ని సెవరెన్స్ అని రాస్తే తీసేసినప్పుడు ఇచ్చే సొమ్ముతో కలిసిపోతుంది. నాన్ కంపీట్ కాంపెన్సేషన్ అని రాయండి, పొడుగైనా.

ఇలా జోడు లేని పదాలకు నేను పాటించే పద్ధతి ఇది. మొదటిసారి వచ్చినప్పుడు వర్ణనాత్మకమైన ఇంగ్లీషు, పక్కన ఇటాలిక్స్‌లో అసలు జర్మన్ పదం. తర్వాత ప్రతిచోటా అదే ఇంగ్లీషు, అక్షరం మారకుండా. బడిలో ఒకే మాట మళ్లీమళ్లీ వాడకూడదని నేర్పారు. ఒప్పందంలో ఆ పాఠం మరిచిపోవాలి. మాట మారితే అర్థం మారిందని వకీలు చదువుతాడు.

మరమ్మతు మన పని కాదు

కొన్ని క్లాజులు జర్మనీలోనే చెల్లవు. "ఓవర్‌టైమ్ అంతా జీతంలోనే కలిసి ఉంది" అన్న గుండుగుత్త వాక్యం ఇప్పటికీ పాత నమూనాల్లోంచి ఒప్పందాల్లోకి కాపీ అవుతూనే ఉంది. ఎన్ని గంటలో చెప్పని ఇలాంటి క్లాజు అస్పష్టమని, చెల్లదని ఎర్ఫుర్ట్‌లోని ఫెడరల్ లేబర్ కోర్టు 2010లోనే చెప్పింది. మీకు ఆ సంగతి తెలుసు. అయినా క్లాజును మూలంలో ఎంత అస్పష్టంగా ఉందో అంతే అస్పష్టంగా అనువదించాలి. గంటల పరిమితి మీరు కలపకూడదు, "చట్టం అనుమతించినంతవరకు" అని సొంత జాగ్రత్త చేర్చకూడదు. ఎందుకంటే ఆ అస్పష్టతే ఉద్యోగికి ఆయుధం. మీకు తెలిసింది చెప్పడానికి అనువాదకుడి గమనిక అనే వేరే కాగితం ఉంది. అందులో కూడా వకీలును అడగమనండి, తీర్పు మీరు చెప్పకండి.

పదాలు సరిచూసుకోవడానికి మంచి ఆధారం ఉచితంగానే దొరుకుతుంది. జర్మన్ న్యాయశాఖ బీజీబీ, సెలవుల చట్టం, తొలగింపు రక్షణ చట్టం వంటివాటి ఇంగ్లీషు అనువాదాలను గెజెట్సె ఇమ్ ఇంటర్నెట్ అన్న సైట్‌లో పెట్టింది. వాటికి చట్టబద్ధత లేదు, జర్మన్ పాఠమే ప్రమాణం. కానీ మీ పదం ఆ అనువాదంలోని పదంతో కలిస్తే వాదన తగ్గుతుంది. ద్విభాషా నిఘంటువు కన్నా ముందు క్రైఫెల్డ్స్ వంటి జర్మన్ న్యాయ నిఘంటువులో ఆ భావన ఏమిటో జర్మన్‌లోనే చదవండి. యంత్రానువాదం గురించి అడుగుతారు. వాక్యం నున్నగా ఇస్తుంది, అదే దానితో చిక్కు. వెర్క్‌టాగె దగ్గర అది తడబడినట్టు కనబడదు కాబట్టి మీరూ ఆగరు. పైగా పేరు, జీతం, చిరునామా ఉన్న ఒప్పందాన్ని ఉచిత సైట్‌లో అతికించడం క్లయింటు రహస్యాన్ని బజారులో పెట్టడమే. యంత్రం వాడాలంటే అడిగి వాడండి, పేర్లు తీసేసి వాడండి.

పనితీరు పత్రం గురించి చెబుతానన్నాను. ఆర్‌బైట్స్‌త్సోయ్‌గ్నిస్‌లో చెడ్డమాట రాయకూడదన్న ఆనవాయితీ వల్ల మార్కులు పొగడ్తల్లోనే దాక్కుంటాయి. "ఎల్లప్పుడూ మాకు అత్యంత సంపూర్ణ తృప్తి" అంటే మొదటి శ్రేణి. "ఎల్లప్పుడూ సంపూర్ణ తృప్తి" రెండోది. "ఎల్లప్పుడూ" పోయి "సంపూర్ణ తృప్తి" మిగిలితే మూడోది, అంటే ఒక మోస్తరు. ఉత్త "తృప్తి" నాలుగోది. ఇంగ్లీషులో ఫుల్ శాటిస్‌ఫాక్షన్ అని రాస్తే హైదరాబాద్‌లో పిలిచి ఉద్యోగమిస్తారు, చాలా గొప్పగా రాశారని. మాటకు మాట అనువదించి, శ్రేణుల సంగతి గమనికలో చెప్పడమే నాకు తెలిసిన నిజాయితీ అయిన దారి. "ఎల్లప్పుడూ" అన్న ఒక్క పదం శైలి కోసం జారవిడిస్తే ఒక మనిషికి ఒక శ్రేణి తగ్గించినట్టే.

పని అప్పగించేముందు ఒప్పందం చివరి పేజీలో ఏ భాష ప్రతి ప్రమాణమో చెప్పే వాక్యం ఉందా అని చూడండి. రెండు భాషల్లో పక్కపక్క కాలమ్‌లుగా ఉండే ఒప్పందాల్లో జర్మన్ పాఠమే చెల్లుతుందని ఎక్కువగా ఉంటుంది. ఉంటే మీ ఇంగ్లీషు సౌకర్యం కోసమే. లేకపోతే మీరు రాసేది ఒప్పందంలో సగం, అలాంటప్పుడు వకీలు చూడకుండా పంపనని చెప్పండి. జర్మన్ కోర్టుకో ప్రభుత్వ కార్యాలయానికో ప్రమాణీకరించిన అనువాదం కావాలన్నప్పుడు అక్కడి కోర్టుల ముందు ప్రమాణం చేసిన అనువాదకుల దగ్గరకు వెళ్లమనండి. మన నోటరీ ముద్ర ఆ అవసరం తీర్చదు.

గమనిక ఒక పేజీ దాటకూడదు. అలంకారాలొద్దు. ఇలా ఉంటే చాలు:

క్లాజు 4, రెండో వాక్యం. ఓవర్‌టైమ్ జీతంలో కలిసి ఉందన్న వాక్యం మూలంలో ఉన్నట్టే ఇచ్చాను. గంటల పరిమితి మూలంలో లేదు. ఇలాంటి క్లాజుల చెల్లుబాటుపై జర్మన్ కోర్టు తీర్పులున్నాయి, కార్మిక చట్టం తెలిసిన వకీలును అడగండి.

క్లాజు 6. సెలవులు వెర్క్‌టాగెలో ఇచ్చారు, శనివారం లెక్కలో ఉంది. అయిదు రోజుల వారానికి ఎన్ని రోజులో కంపెనీ నుంచి రాతలో తీసుకోండి.

క్లాజు 9. నోటీసు ఈమెయిల్‌లో పంపితే చెల్లదు. మూలంలో "రాతపూర్వకంగా" అని మాత్రమే ఉంది, చేతి సంతకం అవసరం చట్టం నుంచి వస్తుంది.

క్లాజు 12. స్కాన్‌లో చివరి పంక్తి తెగిపోయింది. పూర్తి పేజీ పంపేవరకు ఈ క్లాజు అనువాదం తాత్కాలికం, దీన్ని నమ్మి సంతకం పెట్టవద్దు.